షిమల్ కొండ మీద నీళ్ళ తొట్టి

శుక్రవారం. క్యాంపుకి నీళ్ళ ట్యాంకర్ రాక
బట్టలు ఉతకడం ఆగిపోయింది.
అందుకే వెళ్ళాం.
పాత కోటల మీద ప్రేమతో కాదు.

రస్ అల్ ఖైమా దాటి, ఖర్జూరపు తోటలు తెగిపోయిన చోట
మొఫిజుల్ పికప్ ఆపి
"పైన రాణి ఇల్లు" అన్నాడు, తన బెంగాలీ హిందీలో.
ఏ రాణి అని అడిగితే
"రాణి అంటే రాణే" అని
సీటు వెనక్కి వాల్చి నిద్రపోయాడు.

మెట్లున్నాయి కొంతదూరం.
ఆ పైన మేకలు వేసిన దారి.
పోశెట్టి మెట్లు లెక్కపెడుతున్నాడు.
పరంజా ఎక్కినా అంతే,
లెక్కపెట్టనిదే వాడికి కాలు ఆనదు.
నూట ముప్పై దగ్గర ఎవరో ఫోన్ చేశారు.
లెక్క పోయింది.

పైన ఇల్లు లేదు.
నడుము దాకా ఒక గోడ, మోకాలి దాకా ఇంకోటి,
మిగతాది కొండ వెనక్కి తీసేసుకుంది.
ఏది గోడ, ఏది ఉత్త బండ
కళ్ళు చిట్లించుకుని తేల్చుకోవాలి.
ఒక బోర్డు ఉంది.
ఎన్ని వందల ఏళ్ళో చెప్పే అంకె దగ్గరే
సరిగ్గా పెచ్చు లేచింది.

కింద తోటలు, తోటల అవతల ఫ్యాక్టరీ పొగ,
దాని అవతల సముద్రం
మడత విప్పని కొత్త లుంగీలా.
రాణి ఉంటే గింటే ఇక్కడే నిలబడేది, అన్నాను.
పోశెట్టి వినలేదు.
వాడు అప్పటికే గోడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్కడు కట్టింది గాదురా ఇది. ఇద్దరు.
గీ మూల దాంక ఒకడు, ఆడికెళ్ళి ఇంకొకడు.
మొదటోడు రాయిని బుజ్జగిస్తడు,
రెండోడు దబాయిస్తడు.
సూడు, సందుల్ల చిప్పలు కుక్కిండు,
పొద్దు గూకుతుందని."
"నీకెట్ల తెల్సు?"
"బేస్తారం సాయంత్రం నేను గట్లనే కుక్కుత గద."

కొండ నడినెత్తిన నీళ్ళ తొట్టి.
కమాను సగం కూలింది గానీ
లోపలి గచ్చు ఇంకా నున్నగా ఉంది.
నీళ్ళు తాకే గోడ, అక్కడ మాత్రం
ఎవడూ దొంగపని చేయలేదు.
నేను ఇరవైరెండో అంతస్తు బాత్రూములకి
నీళ్ళు కారకుండా పూత పూస్తాను.
కంపెనీ రెండేళ్ళ గ్యారంటీ రాసిస్తుంది.
ఆ కాగితం నేనెప్పుడూ చూడలేదు.

మూల మలుపులో, తాపీ అందని చోట,
నాలుగు వేళ్ళ గీతలు.
తడి సున్నం మీద ఎవరో చేత్తో రాసినవి.
నా కుడిచెయ్యి పెట్టాను. కుదరలేదు.
పోశెట్టి ఎడమచెయ్యి పెట్టాడు.
కూర్చుంది.
చాలాసేపు తీయలేదు.

ఆ ఎడమచేతి వాటానికి
మేస్త్రీలు తిట్టని తిట్టు లేదు.
పంక్తిలో పక్కవాడు కంచం జరుపుకునేవాడు.
ఇప్పుడు వాడి మొహంలో
దారిలో చుట్టం ఎదురైనవాడి అనుమానం.

తొట్టి అడుగున మేకపెంటికలు, ఇసుక, ఒక జ్యూసు డబ్బా.
డబ్బా తీసి బయట పెట్టాడు.
ఇసుకని చేత్తో నెట్టి గచ్చు కనపడేదాకా తుడిచాడు.
నేను ఆపేలోగా
మా సీసాలో మిగిలిన నీళ్ళన్నీ
అందులో గుమ్మరించాడు.
"ఏం పనిరా అది!"
"కారుతదో లేదో సూస్తున్న."

పని అప్పగించే ముందు మేం చేసేదీ అదే.
నీళ్ళు నింపి, సుద్దతో గీత గీసి,
ఒక పగలూ ఒక రాత్రీ ఆగి
గీత దిగిందా అని చూడటం.
అర లీటరు నీళ్ళు మూలకి జారి నిలబడ్డాయి.
మేమూ నిలబడ్డాం.
అంచు కొంచెం లోపలికి జరిగింది.
ఎండ తాగిందా, గచ్చు తాగిందా,
ఎవరి లెక్కలో రాయాలో తేలకముందే
కింద నుంచి హారన్.

దిగుతుంటే నాలుక అంగిట్లో అంటుకుపోయింది.
తిట్టుకుంటూ దిగాను
వాణ్ణి, రాణిని, రాని ట్యాంకర్‌ని.
వాడు మళ్ళీ మెట్లు లెక్కపెడుతున్నాడు,
ఈసారి పైనుంచి,
ఎడమచెయ్యి జేబులో దాచుకుని.